పొల్యూషన్ చెక్‌లో పాత పెట్రోల్ కారు ఫెయిలైందా? స్లిప్ చదవడం దగ్గర్నుంచి రిపేర్ దాకా

బంకు పక్కన నిలబెట్టిన పొల్యూషన్ వ్యాన్‌లో అబ్బాయి సైలెన్సర్‌లోంచి పైపు లాగేసి, "సార్, సీఓ ఎక్కువొస్తోంది, ట్యూనింగ్ చేయించుకుని రండి" అంటాడు. సీఓ అంటే కార్బన్ మోనాక్సైడ్. ఆ ట్యూనింగ్ అనే మాట కార్బురేటర్ కాలం నాటిది. అప్పట్లో స్క్రూ డ్రైవర్‌తో ఒక పావు చుట్టు తిప్పితే సీఓ తగ్గేది. ఎంపీఎఫ్‌ఐ కారులో, అంటే ఇంజెక్టర్లతో పెట్రోల్ పోసే కారులో, తిప్పడానికి ఆ స్క్రూ లేదు. ఎంత పెట్రోల్ పోయాలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నిర్ణయిస్తుంది, అది సెన్సర్లు చెప్పిన మాట నమ్మి నిర్ణయిస్తుంది. కాబట్టి మనం వెతకాల్సింది ఒక్కటే: ఈసీయూకి అబద్ధం చెబుతున్నది ఎవరు? ఎవరూ చెప్పకపోతే, అది సరిగ్గా పోసిన పెట్రోల్ ఎక్కడ కాలకుండా పోతోంది?

నా 2006 మోడల్ కారు మొదటిసారి ఫెయిలైనప్పుడు నేను ఈ ప్రశ్న వేసుకోలేదు. మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఈసీయూకి చెప్పేది) పోయిందన్నాడు, మార్పించాను. మొదటి స్లిప్‌లో సీఓ 2.14, కొత్త సెన్సర్ వేశాక 2.09. గుడ్డెద్దు చేలో పడ్డట్టు భాగాలు మార్చుకుంటూ పోతే ఇలాగే ఉంటుంది. ఆ కథ మిగతాది తర్వాత చెబుతాను.

ముందు చూడాల్సింది: ఏ లిమిట్ పెట్టి ఫెయిల్ చేశారు?

పెట్రోల్ కార్లకి లిమిట్ అందరికీ ఒకటి కాదు, కారు ఏ బీఎస్ (భారత్ స్టేజ్) ప్రమాణం కింద తయారైందో దాన్ని బట్టి మారుతుంది. బీఎస్-2 కంటే పాత కార్లకి సీఓ 3 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 వంతులు) వరకు ఒప్పుకుంటారు. బీఎస్-2, బీఎస్-3 కార్లకి సీఓ 0.5 శాతం, హెచ్‌సీ 750. బీఎస్-4 నుంచి సీఓ 0.3, హెచ్‌సీ 200, పైగా 2500 ఆర్పీఎం దగ్గర ఇంకో టెస్టు కూడా ఉంటుంది. అక్కడ సీఓ 0.2 దాటకూడదు, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ల లెక్క, 1 అంటే సరిగ్గా సరిపోయినట్టు) 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి.

హైదరాబాద్‌లో బీఎస్-3 2005 ఏప్రిల్‌లో, బీఎస్-4 2010 ఏప్రిల్‌లో వచ్చాయి. మిగతా ఊళ్లలో చాలాచోట్ల బీఎస్-4 2017 దాకా తప్పనిసరి కాలేదు. అంటే 2012లో చిన్న ఊళ్లో రిజిస్టరైన కారు బీఎస్-3 కావచ్చు, అదే ఏడాది హైదరాబాద్‌లో కొన్నది బీఎస్-4. ఎంపరివాహన్ యాప్‌లో మీ కారు నంబర్ కొడితే ఏ బీఎస్ అన్నది కనిపిస్తుంది. స్లిప్‌లో కూడా అదే ఉందా లేదా చూడండి. సీఓ 0.42 వచ్చిన బీఎస్-3 కారుని బీఎస్-4 కింద ఎంటర్ చేసి ఫెయిల్ చేస్తే, రిపేర్ చేయాల్సింది కారుని కాదు.

2021 నుంచి ఫెయిలైన బండికి రిజెక్షన్ స్లిప్ ఇవ్వాలని రూల్ ఉంది. అడిగి తీసుకోండి. స్లిప్ ఇవ్వకుండా నోటిమాటతో పంపించేస్తే మీ దగ్గర ఆధారం ఏదీ మిగలదు. కొన్నిచోట్ల "ఇంకో రెండొందలు ఇవ్వండి, పాస్ చేసేద్దాం" అనే మాట కూడా వినిపిస్తుంది. సర్టిఫికెట్ వస్తుందేమో గానీ, లీటరుకి రెండు మూడు కిలోమీటర్ల మైలేజీ పోతూనే ఉంటుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే డబ్బా) లోపల కాలిపోతూనే ఉంటుంది.

టెస్టు సరిగ్గా జరిగిందా?

కారులో లోపం లేకుండానే ఫెయిలయ్యేవి కొన్ని ఉంటాయి. వాటిలో పెద్దది చల్లని ఇంజిన్. క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250 నుంచి 300 డిగ్రీలు దాటాక గానీ పని మొదలుపెట్టదు. ఇంట్లోంచి తీసి రెండు వీధులు దాటి బంకుకి వెళితే అది ఇంకా నిద్రలోనే ఉంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపి వెళ్లండి. క్యూలో పది నిమిషాలు ఐడిల్‌లో నిలబడితే మళ్లీ చల్లబడుతుంది కాబట్టి, మీ వంతు వచ్చే ముందు 2500 ఆర్పీఎం దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టి ఉంచండి. ఇది మోసమేమీ కాదు, కారు రోడ్డు మీద ఉండే స్థితికి తేవడం అంతే. ఏసీ, లైట్లు ఆపేయండి.

ప్రోబ్ పైపు ఒక అడుగు లోపలికి వెళ్లాలి. కొసకి తగిలించి వదిలేస్తే బయటి గాలి కలిసి రీడింగ్ తక్కువ వస్తుంది, అది మీకు లాభమే అనిపించినా రోగం దాక్కుంటుంది. సైలెన్సర్‌కి చిల్లులున్నా ఇదే జరుగుతుంది.

స్లిప్‌లో నాలుగు అంకెలు

చాలా సెంటర్లు సీఓ, హెచ్‌సీ మాత్రమే ప్రింట్ చేస్తాయి. కానీ మిషన్ స్క్రీన్ మీద సాధారణంగా కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ కూడా కనిపిస్తాయి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వీలైతే ఆపరేటర్‌ని అడిగి ఐడిల్‌లో ఒకటి, 2500 ఆర్పీఎం దగ్గర ఒకటి తీయండి. పాత కారుకి రెండోది అవసరం లేదని అతను అనవచ్చు. మన అవసరం వేరు, పది రూపాయలు టీకిచ్చి అడగండి.

కన్వర్టర్ బాగున్న ఇంజిన్ వేడి మీద ఇలా ఉంటుంది: సీఓ 0.1, 0.2 లోపు, హెచ్‌సీ వంద లోపు, కార్బన్ డయాక్సైడ్ 14, 15 శాతం, ఆక్సిజన్ అర శాతం లోపు. ఇప్పుడు మీ అంకెలు దీని పక్కన పెట్టండి.

సీఓ అంటే గాలి చాలక సగం కాలిన పెట్రోల్. సీఓ ఎక్కువ, ఆక్సిజన్ దాదాపు సున్నా అంటే ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ అందుతోంది, రిచ్‌గా నడుస్తోంది.

హెచ్‌సీ అంటే అసలు కాలని పెట్రోల్. హెచ్‌సీ ఎక్కువ, ఆక్సిజన్ కూడా ఎక్కువ, సీఓ మామూలుగా ఉందంటే ఏదో ఒక సిలిండర్‌లో మంట అంటుకోవడం లేదు. ప్లగ్, వైర్, కాయిల్, వాల్వ్ లీక్, లేదా గాలి ఎక్కువై మిస్సింగ్.

సీఓ కొంచెం, ఆక్సిజన్ కొంచెం, రెండూ మిగిలిపోయి ఉన్నాయంటే చూడాల్సింది కన్వర్టర్‌నే. కాలాల్సినదీ ఉంది, కాల్చే ఆక్సిజన్ కూడా ఉంది, వాటిని కలపాల్సిన కన్వర్టర్ పని చేయడం లేదు. ఉదాహరణకి సీఓ 0.7, ఆక్సిజన్ 0.9, కార్బన్ డయాక్సైడ్ 13.6.

సీఓ, కార్బన్ డయాక్సైడ్ రెండూ కలిపినా 12కి తక్కువ ఉండి ఆక్సిజన్ బాగా ఎక్కువుంటే సైలెన్సర్ పైపులో చిల్లుంది, లేదా ప్రోబ్ సరిగ్గా పెట్టలేదు. ఆ స్లిప్ పక్కన పడేసి మళ్లీ తీయించండి.

రెండు ఆర్పీఎంల మధ్య తేడా కూడా చాలా చెబుతుంది. సీఓ ఐడిల్‌లోనే ఎక్కువుండి 2500లో తగ్గిపోతే ఇంజెక్టర్ కారడం, పెట్రోల్ కలిసిన ఇంజిన్ ఆయిల్, క్యానిస్టర్ పర్జ్ వాల్వ్ (ట్యాంక్‌లోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) లాంటివి చూడాలి. రేస్ చేసినా తగ్గకపోతే సెన్సర్లు, పెట్రోల్ ప్రెషర్.

సీఓ ఎక్కువైతే

సర్టిఫికెట్ ఆగిపోయే పాత కార్లలో ఎక్కువ ఈ జాతివే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం. ఖర్చు లేనివాటితో మొదలుపెట్టండి.

డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన గుప్పున కొడితే, ఆ ఆవిరి బ్రీతర్ పైపు గుండా మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్లి సీఓ పెంచుతుంది. రోజూ కిలోమీటరు దూరం తిరిగి ఆపేసే కార్లలో ఇది మామూలు. ఆయిల్, ఫిల్టర్ మార్చి ఒకసారి హైవే మీద వెళ్లి వస్తే చాలాసార్లు సమస్య అక్కడితో తీరుతుంది.

ఎయిర్ ఫిల్టర్ గురించి అందరూ ముందు చెబుతారు. మార్చండి, తప్పు లేదు. కానీ ఎంపీఎఫ్‌ఐలో గాలి తగ్గితే ఈసీయూ పెట్రోల్ కూడా తగ్గిస్తుంది. ఫిల్టర్ ఒక్కటి మార్చి సీఓ 2 నుంచి 0.4కి దిగడం నేనైతే చూడలేదు.

తర్వాత కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. నా కారు కథ ఇక్కడే తేలింది. మీటర్‌లో ముల్లు సరిగ్గా మధ్యలో ఉండేది, అందుకే ఎవరికీ అటు అనుమానం రాలేదు. కానీ పాత కార్లలో చాలావాటికి రెండు సెన్సర్లుంటాయి. ఒక వైరుది డ్యాష్‌బోర్డు ముల్లుకి, రెండు వైర్లది ఈసీయూకి. ముల్లు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఈసీయూకి నిజం తెలుస్తున్నట్టు కాదు. రెండు వైర్ల కనెక్టర్ ఊడదీసి సెన్సర్ పిన్నుల మీద మల్టీమీటర్ పెడితే వేడి ఇంజిన్ మీద సుమారు 300 ఓమ్‌లు చూపించింది. సెన్సర్ బాగానే ఉంది. చల్లగా ఉన్నప్పుడు, 20 డిగ్రీల దగ్గర, ఇది రెండు, రెండున్నర వేల ఓమ్‌లుంటుంది. వేడెక్కే కొద్దీ తగ్గాలి. మరి తప్పెక్కడ? కనెక్టర్ పెట్టేసి, వెనక నుంచి రెండు వైర్ల దగ్గర సన్నటి గుండుసూదులు గుచ్చి వోల్టేజ్ చూశాను. వేడి మీద సాధారణంగా ఒక వోల్టు లోపు ఉండాలి, అక్కడ 1.9 వస్తోంది. కనెక్టర్ లోపల పిన్ను మీద పచ్చగా చిలుము. రేడియేటర్‌లో ఏళ్ల తరబడి కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసిన ఫలితం, పైనున్న హోస్ పైపు నుంచి బొట్టు బొట్టుగా కారి కనెక్టర్‌లోకి దిగింది. ఆ చిలుము అదనపు రెసిస్టెన్స్ అయింది, ఈసీయూకి ఇంజిన్ చల్లగా ఉన్నట్టే కనిపించింది. చల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోయాలి కదా, అదే చేసింది. కాంటాక్ట్ క్లీనర్, పాత టూత్ బ్రష్, ఇరవై నిమిషాలు. కొత్త ఆక్సిజన్ సెన్సర్ డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు.

ఇదే దారిలో ఇంకోటుంది, మన దగ్గర మరీ మామూలు: థర్మోస్టాట్ వాల్వ్ తీసేయడం. కారు ఒకసారి హీటైందంటే "వాల్వ్ తీసేస్తే ప్రాబ్లమే ఉండదు" అని తీసి పక్కన పడేస్తారు. ఎండాకాలం ట్రాఫిక్‌లో తేడా తెలియదు. జనవరి పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళితే ముల్లు పావు దగ్గరే ఆగిపోతుంది, ఈసీయూ వార్మప్ లెక్కలోనే పెట్రోల్ పోస్తుంది. పరీక్ష సులువు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. ఇంజిన్ వేడెక్కేదాకా అది చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా మొదలైతే లోపల వాల్వ్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, మీ ఊరి ఆటోనగర్‌లోనో ఇది దొరుకుతుంది, ధర కూడా తక్కువే. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

ఇప్పుడు ఆక్సిజన్ సెన్సర్. దీన్ని మార్చే ముందు దాన్ని స్లిప్‌తో పోల్చండి. డిజిటల్ మల్టీమీటర్‌ని సిగ్నల్ వైరుకి పెట్టి, వేడి ఇంజిన్‌ని 2500 దగ్గర ఉంచితే 0.2, 0.8 వోల్టుల మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. సీఓ 2 ఉన్న కారులో సెన్సర్ 0.85 దగ్గర నిలబడిపోయిందంటే, అది "పెట్రోల్ ఎక్కువైంది మహాప్రభో" అని నిజం చెబుతోంది. ఈసీయూ వినడం లేదు, లేదా తగ్గించినా చాలడం లేదు. అలాంటి సెన్సర్‌ని మార్చి లాభం లేదు, నాకు జరిగింది అదే. సీఓ 2 ఉన్నా సెన్సర్ 0.1 దగ్గర కూర్చుందంటే అప్పుడు అది అబద్ధం చెబుతోంది. అలాగని వెంటనే కొత్తది కొనేయకండి. సెన్సర్‌కి ముందు మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర చిన్న లీకుంటే, ఆ సందులోంచి బయటి గాలి లోపలికి లాగి సెన్సర్‌ని మోసం చేస్తుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని శబ్దం, అతుకు దగ్గర నల్లటి మసి దాని గుర్తులు. ఒక సిలిండర్ మిస్సైనా అంతే. కాలని ఆక్సిజన్ చూసి సెన్సర్ "పెట్రోల్ చాలట్లేదు" అంటుంది, ఈసీయూ బాగున్న సిలిండర్లకి కూడా ఎక్కువ పోస్తుంది. లీకు లేదు, మిస్సింగ్ లేదు, యాక్సిలేటర్ గట్టిగా తొక్కి వదిలినా వోల్టేజ్ కదలడం లేదంటే, అప్పుడు మార్చండి.

మ్యాప్ సెన్సర్ గురించి ఒక మాట. మన పాత చిన్న కార్లలో చాలావాటికి గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉండదు. మానిఫోల్డ్‌లో ప్రెషర్ చూసి ఈసీయూ లెక్క కడుతుంది. ఇంటర్నెట్‌లో "వ్యాక్యూమ్ లీకైతే లీన్ అవుతుంది" (పెట్రోల్ చాలకుండా పోతుంది) అని చదివి కంగారు పడతారు. అది గాలి కొలిచే సెన్సర్ ఉన్న కార్ల మాట. మ్యాప్ ఉన్న కారులో లీకైతే ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పెంచుతుంది, ఐడిల్ పైకెక్కి కూర్చుంటుంది. ఇక సెన్సర్‌కి వెళ్లే సన్నటి రబ్బరు పైపే పగిలితే, ఇంజిన్ ఫుల్ లోడ్‌లో ఉందనుకుని నల్ల పొగ వచ్చేంత పోస్తుంది. పైపుని చేత్తో వంచి చూడండి, పదిహేనేళ్ల రబ్బరు పగుళ్లు అప్పుడే కనబడతాయి. చాలా కార్లలో కీ ఆన్ చేసి ఇంజిన్ ఆపి ఉంచితే ఈ సెన్సర్ దాదాపు 4 వోల్టులు, ఐడిల్‌లో 1 నుంచి 1.5 దాకా ఇస్తుంది. విశాఖలో కంటే హైదరాబాద్‌లో కీ ఆన్ రీడింగ్ కొంచెం తక్కువుంటుంది. ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది మరి.

పెట్రోల్ ప్రెషర్ రెగ్యులేటర్ ఇంజిన్ మీదే ఉన్న మోడల్ అయితే, దాని వ్యాక్యూమ్ పైపు లాగి చూడండి. పైపు లోపల తడిగా పెట్రోల్ కనిపిస్తే డయాఫ్రమ్ చిరిగింది. ట్యాంక్‌లోనే రెగ్యులేటర్ ఉన్న కార్లకి ప్రెషర్ గేజ్ కావాలి, అది షెడ్డు పని. పర్జ్ వాల్వ్ పైపుని నొక్కి మూసి మిషన్ చూడండి, సీఓ అక్కడికక్కడే పడిపోతే దొంగ దొరికినట్టే.

హెచ్‌సీ ఎక్కువైతే

ఇది సులువు. ప్లగ్గులు తీసి వరసగా పెట్టండి. అన్నీ ఒకే రంగులో ఉండి ఒక్కటి తడిగా ఉంటే, రోగం ఆ సిలిండర్‌లో ఉంది. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ కాలుతోంది. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడిపి చూస్తే, పాడైన ప్లగ్ వైరు మీద నీలం మెరుపులు కంటికే కనిపిస్తాయి. చేత్తో ముట్టుకోకండి.

ఏ సిలిండర్ మిస్సో తెలుసుకోవడానికి మెకానిక్‌లు ప్లగ్ వైరు లాగుతారు. కన్వర్టర్ ఉన్న కారులో అలా చేయనివ్వకండి. కాలని పెట్రోలంతా కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. బదులుగా ఇంజెక్టర్ కనెక్టర్ ఒక్కొక్కటే ఊడదీయండి. ఆర్పీఎం పడని సిలిండర్ ఏదో, అదే దోషి. ఆ సిలిండర్‌కి ప్లగ్, వైర్, కాయిల్ మార్చినా మార్పు లేకపోతే కంప్రెషన్ చూడాలి. ట్యాపెట్లు బిగుసుకుపోయినా వాల్వ్ సరిగ్గా మూసుకోక ఐడిల్‌లో హెచ్‌సీ పెరుగుతుంది, రేస్ చేస్తే తగ్గుతుంది.

అనుమానం ఉన్న బంకులో పోయించిన పెట్రోల్ ఉంటే ట్యాంక్ దాదాపు ఖాళీ అయ్యేదాకా నడిపి, వేరే చోట నింపి మళ్లీ చూడండి.

కన్వర్టర్ చివర్లో

పైన చెప్పినవన్నీ సరిచేశాక, ఆక్సిజన్ సెన్సర్ చక్కగా ఊగుతున్నా సీఓ, ఆక్సిజన్ రెండూ మిగిలిపోతుంటేనే కన్వర్టర్ మీద తీర్పు ఇవ్వండి. రబ్బరు సుత్తితో మెల్లగా తడితే లోపల గలగలమంటే అందులోని తేనెతుట్టె లాంటి ఇటుక విరిగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే ఒక్కోసారి డబ్బా ఉంటుంది గానీ లోపల ఏమీ ఉండదు. పికప్ రావడం లేదని ఎవరో పొడిచి ఖాళీ చేసి ఉంటారు, లేదా లోపలి ప్లాటినం లాంటి లోహాల కోసం అమ్ముకుని ఉంటారు. మరీ చౌకగా వచ్చే కొత్త కన్వర్టర్లలో ఆ లోహాల పూత పలచగా ఉంటుంది, కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది. పాతది ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది పెట్టకండి. మిస్సింగో, ఆయిల్ కాలడమో ఉంటే కొత్తదాన్ని కూడా తినేస్తుంది.

స్కానర్ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ స్కానర్లు 2010 తర్వాతి బీఎస్-4 కార్లలో ఎక్కువగా పని చేస్తాయి. అంతకు ముందువాటిలో పోర్ట్ ఆకారం అదే ఉన్నా కొన్నిటితో కనెక్టే కావు. దొరికితే కూలెంట్ టెంపరేచర్ రీడింగ్ ఒక్కటి చూడండి చాలు. నాకు ఆ రోజు స్కానర్ పని చేసుంటే, వేడి ఇంజిన్ మీద 40 డిగ్రీలని చూసి ఐదు నిమిషాల్లో విషయం తెలిసిపోయేది.

మళ్లీ టెస్టుకి వెళ్లే ముందు

ఇంజిన్ నడిపి చూసే పనులేవీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయకండి. సీఓకి వాసన ఉండదు, తలనొప్పి వచ్చేసరికే ఆలస్యమవుతుంది. రిపేరయ్యాక బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెట్టండి. పాత తప్పుడు లెక్కలు ఈసీయూ మర్చిపోతుంది. కొన్ని మ్యూజిక్ సిస్టమ్‌లు కోడ్ అడుగుతాయి, ముందే వెతికి పెట్టుకోండి. ఆ తర్వాత సిటీలోనూ హైవే మీదా కలిపి ముప్పై నలభై కిలోమీటర్లు నడిపి, అదే వేడి మీద, వీలైతే అదే సెంటర్‌కి వెళ్లండి. మిషన్ మారితే అంకెలు కొంచెం మారతాయి, పోల్చడం కష్టం.

మీది బీఎస్-4 కంటే ముందు కారైతే సర్టిఫికెట్ ఆరు నెలలే. గడువు దాటితే 2019 సవరణ తర్వాత జరిమానా పదివేల దాకా ఉంది. పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లేవాళ్లు ఈ పని నెల ముందే మొదలుపెట్టడం మంచిది, చివరి రోజు టెన్షన్‌లోనే అనవసరమైన సెన్సర్లు కొంటాం.

చిలుము గీకేసిన మర్నాడు నా కారుకి వచ్చిన రీడింగ్: సీఓ 0.18, హెచ్‌సీ 94. మూడు స్లిప్పులూ ఆర్సీ కవర్‌లోనే ఉన్నాయి. ఈసారి అంకె పెరగడం మొదలైతే ఎక్కడ నుంచి ఎక్కడికి పెరిగిందో తెలుస్తుంది.